పెట్టె అడుగున పద్నాలుగు కాయలు

తైనాన్
అక్టోబరు 9

కియో అక్కయ్యకి,

ఈ ఊళ్ళో అక్టోబరు వచ్చిందంటే ఎవరూ నమ్మరు. కొట్టు ముందు పందిరి కింద కూర్చున్నా చెమట మోచేతుల దాకా కారుతోంది. వీధి చివరి గుడిలోంచి అగరొత్తుల పొగ మెల్లగా వచ్చి, జామకాయల మీదా సీతాఫలాల మీదా కాసేపు కూర్చుని, మళ్ళీ తన దారిన పోతుంది. మధ్యాహ్నం బేరాలుండవు. కళ్ళు వాటంతటవే మూతపడతాయి. పడగానే నేను మన తోటలో ఉంటాను.

ఎప్పుడూ ఒకటే కల. చెట్ల కింద మీరు వెండి కాగితం పరిచి ఉంటారు. వెలుగు ఆకాశంలోంచి కాకుండా నేలలోంచి పైకి వస్తుంటుంది. నువ్వు నిచ్చెన మీద నిలబడి కాయల్ని ఒక్కొక్కటీ ఎండ వైపు తిప్పుతుంటావు. నేను నిన్ను పిలవను. నేరుగా కొట్టం పక్కకి, నాన్న చెట్టు దగ్గరికి వెళ్తాను. ఆ కొక్కో రకం ఆపిల్ కాయలు నీకు గుర్తున్నాయిగా, పిడికిట్లో పట్టేంత చిన్నవి, కొరికితే చెవుల దాకా పులుపు పాకేవి. ఒకటి కోసి నోటి దగ్గర పెట్టుకుంటాను. అప్పుడే ఎవరో వచ్చి "బొప్పాయి ఎంతమ్మా?" అంటారు. కల పోతుంది, నోట్లో నీళ్ళు మాత్రం ఉంటాయి.

ఒంట్లో ఏమీ లేదు, కంగారు పడకు. ఎండలకి అన్నం సరిగా పోవడం లేదు, అంతే.

మీ మరిది ఫిబ్రవరిలో మా కొత్త సంవత్సరం ముందు పెద్ద కాయలు మూడు వందల పెట్టెలు కావాలని చెప్పమన్నారు. పోయినేడు గుడికి పళ్ళేల్లో పెట్టుకోవడానికి జనం మా కొట్టు ముందు వరస కట్టారు. మా అత్తగారు మాత్రం (వీధంతా ఆవిణ్ణి ఆమా అనే పిలుస్తుంది, నేనూ అంతే) మీ ఆపిళ్ళ పేరెత్తితేనే మూతి ముడుస్తుంది. "మా అబ్బాయి ఆపిళ్ళు కొనడానికి వెళ్ళి, ఆపిళ్ళు ఏరే పిల్లని కూడా కట్టించుకుని తెచ్చాడు" అని పన్నెండేళ్ళుగా వచ్చిన వాళ్ళందరికీ చెబుతూనే ఉంది.

బావని అడిగానని చెప్పు. 

మిసావో


ఇవాకి కొండ కింద, హిరోసాకి
అక్టోబరు 27

మిసావోకి,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన చివరిదాకా విని, "దానికి ఎన్నో నెల?" అన్నాడు. చెట్లు తప్ప ఇంకేమీ తెలియని మనిషికే అర్థమైంది, నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని నాకు అర్థం కాదనుకున్నావా? ఎండలట, అన్నం పోవడం లేదట! ఎండలు నీకు ఇవాళ కొత్తా? పులుపు మీదకి మనసు పోయిందంటే సంగతేమిటో నాకు తెలియదా? 

రెండుసార్లు ముందే చెప్పావు, రెండుసార్లూ నిలవలేదు, ఇద్దరం ఏడ్చాం. అందుకని ఈసారి దాచావు. సరే, నేనూ ఏమీ తెలియనట్టే ఉంటాను. ఉండగలనో లేదో చూద్దాం.

ఇక్కడ పని నెత్తి మీదకి వచ్చింది. పెద్ద కాయలు ఈసారి బాగా దిగాయి, ఒక్కోటి పసిపిల్ల తలంత. ఇక్కడ అవి ఎవరికి కావాలి చెప్పు? ఒక కాయ కోస్తే నలుగురు తినాలి, ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా ఇద్దరే. మీ వాళ్ళు కొనడం మొదలుపెట్టక ముందు వీటిని రసం మిల్లుకి తోలేవాళ్ళం, అక్కడ పెద్దకాయనీ దెబ్బతిన్న కాయనీ ఒకే గోతిలో పోసేవాళ్ళు. అది చూడలేకే నాన్న మిల్లుకి వెళ్ళడం మానేశాడు. ఇప్పుడు ఆ కాయల్నే ఒక్కొక్కదానికీ కాగితం చుట్టి పంపుతున్నాం. పక్క తోట కుదో వాళ్ళ కొడుకు, కోడలు సెత్సు తోక్యోలో ఉద్యోగాలు వదిలి వచ్చి తోట చూసుకుంటున్నారంటే మీ దేవుళ్ళ పళ్ళేల వల్లే.

దానికి తగ్గ భయమూ ఉంది. గోదాం పెద్ద నరుమి గారు రోజూ పొద్దున్న మా అందరికీ ఒకటే పాట పాడుతున్నాడు. మీ రేవులో పెట్టె విప్పినప్పుడు ఒక కాయలో పురుగు కనబడితే హెచ్చరిక. ఆ సీజన్లోనే ఇంకోసారి కనబడితే తలుపు మూసేస్తారు, ఎవరి కాయ అని చూడరు. దోషం ఒక తోటది, దెబ్బ ఊరందరిది. అందుకే నేను రోజుకి వేల కాయల్ని తిప్పి తొడిమ గుంటా అడుగు గుంటా చూస్తున్నాను. సూది మొనంత రంధ్రం, దాని మీద ఎండిన తెల్లటి చుక్క ఉందంటే లోపల గులాబి రంగు పురుగు ఉన్నట్టే. ఇరవై ఏళ్ళుగా గోదాంలో మొదటి బల్ల నాదే. నా చేతి కింద నుంచి ఒక్కటి జారలేదు.

నాన్న చెట్టు ఈ ఏడు విరగకాసింది. దానికి పురుగుమందు కొట్టాలని రైతు సంఘం వాళ్ళు అంటూనే ఉంటారు. మీ బావ మందు గొట్టం అటు తిప్పడు. పక్కనే బట్టలు ఆరేస్తాం, తినేది మనమే, ఎందుకులే అంటాడు. 

మరిదికి చెప్పు, మూడు వందల పెట్టెలూ నవంబరు చివర బయల్దేరతాయి. నీకొక మాట. మీ కొట్టు గుర్తు వేసిన పెట్టెల్లో, మూత మీద నీలం గీత ఉన్నది మాత్రం నువ్వే విప్పు. ఎందుకని అడగకు.

అక్క


తైనాన్
డిసెంబరు 4

అక్కయ్యా,

నీలం గీత పెట్టె నేనే విప్పాను. పై అరలో మహారాజుల్లాంటి పెద్ద కాయలు, కింది అరలో మన ఊరి పేపరు ముక్కలు చుట్టుకుని పద్నాలుగు చిన్న కాయలు. ఒక ముక్క మీద పోయిన నెల మన ఊరి వాతావరణం ఉంది, కొండ మీద మొదటి మంచు అని. ఆ కాగితాన్ని చాలాసేపు చదువుతూ కూర్చున్నాను. ఇక్కడ వాళ్ళు మంచుని ఫ్రిజ్‌లో తప్ప చూడలేదు.

ఎంత బాగున్నాయో! పళ్ళు పులిసిపోయాయి. కళ్ళు మూసుకుంటే మంచు పడే ముందు గాలికి ఉంటుందే, ఆ వాసన. మొదటి కాయ తొడిమ దాకా తినేశాను. మన కొట్టంలో తడి గడ్డి మీద కూర్చుని తిన్నట్టే అనిపించింది. వాంతులు తగ్గాయి.

అవును, నువ్వన్నదే నిజం. నాలుగో నెల దాటింది. నేను దాచలేదక్కా, ఇక్కడి పద్ధతి అది. మూడు నెలలు నిండేదాకా కడుపులో బిడ్డని కాచే దేవుడి చెవిన ఎవరి మాటా పడకూడదట. ఆ దేవుడు ఇంట్లోనే ఎక్కడో కూర్చుని ఉంటాడట, ఒకరోజు మంచం కింద, ఒకరోజు పొయ్యి దగ్గర. అందుకని ఆమా నా గదిలో మేకు కొట్టనివ్వదు, మంచం జరపనివ్వదు, కత్తెర నా చేతికివ్వదు. నిన్న కొట్టులో తాడు కోయబోతే పరిగెత్తుకొచ్చి లాక్కుంది. పడుకుంటే ఆయన ఇవాళ ఎక్కడున్నాడో అని ఆలోచిస్తుంటాను. కిటికీ దగ్గర కూర్చుని వీధి చూస్తుంటాడేమో అనిపిస్తుంది. ఆయన గురించి ఆలోచిస్తే భయం వేయడం లేదు, నిద్ర వస్తోంది.

పెద్ద కాయలు చూడటానికే జనం వస్తున్నారు. రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఒక్కటే కాయ కొంటుంది. పోయిన భర్త పటం ముందు పెట్టి, మూడు రోజుల తర్వాత ముక్కలు కోసి పక్కింటి వాళ్ళకి పంచుతుందట. "నేను ఎప్పటికీ వెళ్ళని చోటు నుంచి వచ్చిన కాయ" అంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుని.

అక్కయ్యా, చిన్న కాయలు మళ్ళీ పంపకు. నిజంగా. కోరిక తీరిపోయింది.

మిసావో


ఇవాకి కొండ కింద
డిసెంబరు 13

మిసావోకి,

నువ్వు తొడిమ దాకా తిన్నావని చదివి నేను వంటింట్లో ఒక్కదాన్నే నవ్వాను. మీ బావ వచ్చి ఏమిటని అడిగితే చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆయనకి తెలియదు, ఎవరికీ తెలియదు. చివరి పెట్టెలు కట్టేటప్పుడు నాలుగు పెద్ద కాయలు తీసి ఆ పద్నాలుగూ పెట్టాను. ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూశాననుకో, గుంటలు రెండూ శుభ్రంగా ఉన్నాయి. అయినా ఇరవై ఏళ్ళలో చేయని పని. కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగితే ఏ అక్క ఊరుకుంటుంది?

దీనితోపాటు గుళ్ళో పూజ చేయించిన తెల్ల నడికట్టు పంపుతున్నాను. ఐదో నెలలో పంచాంగంలో కుక్క రోజు చూసి కడుపుకి కట్టుకో. కుక్కలు తేలిగ్గా ఈనుతాయని కదా. మీ ఆమా ఒప్పుకోకపోతే గౌను కింద దాచి కట్టుకో.

ఇక ఇక్కడి సంగతి. పోయిన శుక్రవారం నరుమి గారు అందరినీ గోదాంలో నిలబెట్టాడు. వేరే జిల్లా పెట్టెలో మీ రేవు వాళ్ళకి పురుగు దొరికిందట. ఒక హెచ్చరిక అయిపోయింది. ఇంకొకటి దొరికితే ఈ ఏటికి తలుపు మూతే. సెత్సు నా పక్క బల్ల మీద పని చేస్తుంది, ఆ మాట వినగానే గ్లవుజులు తీసేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాళ్ళు పెద్ద కాయల చెట్లు కొత్తగా నాటారు, మీ దేశాన్ని నమ్ముకునే. 

నాకు మన పద్నాలుగు కాయలే గుర్తొచ్చాయి. కానీ నీ ఉత్తరం అప్పటికే వచ్చింది కాబట్టి బతికిపోయాను. పెట్టె దాటింది, కాయలు నీ కడుపులోకి వెళ్ళాయి, ఇక ఎవరు ఏం చూస్తారు?

చివరి ఓడకి ఫ్యుజీ రకం కాయలు కడుతున్నాం. ఇరవై ఎనిమిదో తారీకు లోడు. మన తోటలో కొట్టం పక్క వరస చూడాలి నువ్వు! కాయలకి కాగితం సంచులు కట్టకుండా వదిలాం, ఆకులు తెంపి ఎండ తగలనిచ్చాం, నెత్తురు రంగు వచ్చింది. మన ఇంటి నుంచి ఇంత మంచి కాయ ఎప్పుడూ వెళ్ళలేదు. 

బయట మంచు ఆగకుండా పడుతోంది. కొండ ఉందో లేదో తెలియడం లేదు. తోటలో నడుస్తుంటే నా అడుగుల చప్పుడు నాకే వినిపించడం లేదు. ఇలాంటప్పుడు నువ్వు వెనకాలే వస్తున్నట్టు ఉంటుంది.

మళ్ళీ పంపకు అన్నావుగానీ, పది కాయలు పొట్టులో దాచాను.

అక్క


తైనాన్
డిసెంబరు 18
ఎక్స్‌ప్రెస్

అక్కయ్యా,

పొద్దున ఫోన్ చేశాను. బావ ఎత్తి, మీ అక్క గోదాంకి వెళ్ళింది, ఏమిటి సంగతి అన్నాడు. ఏం లేదు, నడికట్టు అందిందని చెప్పి పెట్టేశాను. ఈ మాట ఆయన నోట వెళ్ళకూడదు, మా కొట్టులో అందరూ వినేలా చెప్పకూడదు. మీ మరిదికి తెలిస్తే రేవు ఆఫీసుకి చెప్పి తీరాలి, లేకపోతే ఆయన దిగుమతి కాగితం పోతుంది. అందుకే రాస్తున్నాను. నిలబడి చదవకు, కూర్చో.

ఆ పద్నాలుగు కాయల్లో ఒకదానిలో పురుగు ఉంది.

నీ తప్పు కాదు, పైన ఏమీ కనబడలేదు. తొడిమ కిందే ఎక్కడో దూరింది. వంటింట్లో ఆమా కత్తి నాకివ్వక తనే కోసింది. కాయ రెండుగా విడిపోయింది, మధ్యలో గులాబి రంగులో అది మెల్లగా కదిలింది. నాకు పురుగని కూడా అనిపించలేదు, అంత అందంగా ఉంది. ఆమా మాత్రం కత్తి కింద పెట్టి, ముందు కిటికీలు మూసింది.

ఆవిడ పుట్టిల్లు కొండ మీద, ఆవిడకి పురుగులు తెలుసు. చిన్నప్పుడు, మనవాళ్ళు ఇక్కడ పాలించిన రోజుల్లో, బళ్ళో నేర్చిన మన భాష కోపం వస్తేనే ఆవిడకి గుర్తొస్తుంది. ఆ రోజు మొత్తం ఆ భాషలోనే మాట్లాడింది.

"మా తమ్ముడికి తొమ్మిది వందల ఆపిల్ చెట్లు ఉండేవి, తెలుసా నీకు? బయటి దేశాల కాయలు ఓడల్లో దిగాక మా కాయ ఎవడూ ముట్టుకోలేదు. ఒక్క చలికాలంలో అన్నీ నరికాడు. కొండంతా పచ్చి చెక్క వాసన. నేను ముక్కు మూసుకుని కిందికి దిగొచ్చాను. ఇప్పుడు వాడికి మిగిలినవి బేరి చెట్లు. ఈ పురుగు బేరినీ తింటుంది పిల్లా."

నేను ఏడుస్తూ, ఎవరికీ చెప్పొద్దని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చెబితే మీ తలుపు మూసుకుపోతుంది. పగ తీర్చుకోవాలంటే ఆవిడకి ఇంతకన్నా సమయం రాదు. ఆవిడ నా చెయ్యి విడిపించి, ఆ కాయ రెండు ముక్కలూ కలిపి మూసింది.

"రేవు వాళ్ళకి నేను చెప్పను. ఇంకో ఊరు చెట్లు నరుక్కోవడం నాకొద్దు. కానీ మీ అక్కకి నువ్వు చెప్పాలి. ఒక చెట్టు మీద ఇది ఉందంటే పక్క చెట్టు మీద లేదని ఎవరు చెబుతారు? చలికాలపు పండక్కి బియ్యప్పిండి ఉండలు చేసుకునేలోపు రాయి. రాయకపోతే నేనే రేవుకి నడిచి వెళ్తాను."

పండగ ఆవలెల్లుండే. ఇన్నాళ్ళూ ఎందుకు దాచానంటే నీ సంతోషం పాడు చేయలేక. నిన్న నీ ఉత్తరంలో కొట్టం పక్క వరస అని చదివేసరికి ఇక ఆగలేకపోయాను. సంచులు కట్టని కాయలు, నాన్న చెట్టుకి పది అడుగుల దూరం! అక్కా, ఆ వరస ఓడ ఎక్కకూడదు.

నరుమి గారికి నిజం చెప్పకు. కాయ మెత్తబడిందనో, వడగళ్ళ మచ్చ ఉందనో ఏదో ఒకటి చెప్పి పక్కన పెట్టించు. నిజం చెబితే నాన్న చెట్టు ఉండనివ్వరు. మిగతా పదమూడు కాయలూ బాగున్నాయి, తిన్నాను, నాకేమీ కాలేదు. నా కోసం ఇంతే చెయ్యి.

మిసావో


ఇవాకి కొండ కింద
జనవరి 6

మిసావోకి,

ముందు నీ భయం తీరుస్తాను. ఓడ బయల్దేరింది, రెండు రోజులు ఆలస్యంగా. మన కాయలు అందులో లేవు.

నీ ఉత్తరం ఇరవై రెండున వచ్చింది. వడగళ్ళ మచ్చ అని చెప్పడానికే గోదాంకి వెళ్ళాను, దారంతా ఆ మాటే నేర్చుకుంటూ. లోపల అడుగుపెట్టేసరికి ఆడవాళ్ళందరూ బల్లల దగ్గర వంగి కాయలు తిప్పుతున్నారు. ఎంత శ్రద్ధగా తిప్పుతున్నారో మిసావో! ఒక్కొక్కరూ పక్కవాళ్ళ ఇల్లు కూడా తమ వేళ్ళ మధ్య ఉన్నట్టు. మా వరస మచ్చల నెపంతో పక్కన పెట్టించినా, ఆ పురుగు రెక్కలొచ్చి కంచె దాటి సెత్సు వాళ్ళ తోటలోకి వెళ్ళిందేమో నాకేం తెలుసు? నేను అబద్ధం ఆడితే వాళ్ళ కాయల్ని ఎవరూ కోసి చూడరు.

"నరుమి గారూ, లోడు ఆపండి" అన్నాను.

"ఏం కియో గారూ, చలికి మతి పోయిందా?" అని నవ్వాడు.

చెప్పాను. చెట్టు సంగతి, పద్నాలుగు కాయల సంగతి, పెట్టె సంగతి, అన్నీ. కన్వేయరు బెల్టు ఎవరు ఆపారో తెలియదు, ఆగిపోయింది. నరుమి గారు టోపీ తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ పెట్టుకున్నాడు. అన్నది సెత్సు.

"మీ చెల్లెలికి నోరూరితే మా తోటలన్నీ పణంగా ఒడ్డారా? మొదటి బల్ల మీద కూర్చుని మాకు కాయ చూడటం నేర్పింది మీరు కదా!"

గ్లవుజులు తీసి మొదటి బల్ల మీద పెట్టేశాను.

మన ఫ్యుజీలు రెండు వందలు కోశారు. మూడు కాయల్లో పురుగు. సెత్సు వాళ్ళవి ఐదు వందలు కోశారు, ఒక్కటి లేదు. ఆ ఐదు వందలూ అయ్యేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు. మన కాయలన్నీ మిల్లుకి వెళ్ళాయి. నాన్న వెళ్ళడం మానేసిన చోటికి మీ బావ ట్రాక్టరు తోలుకెళ్ళాడు. తిరిగొచ్చి, "గోతిలో పోస్తుంటే రంగు ఎంత బాగుందో" అన్నాడు, అంతే. నన్ను ఒక్క మాట అనుంటే బాగుండేది.

మొదటి బల్ల నుంచి నన్ను తీసేశారు. ఇప్పుడు పెట్టెల మీద చీటీలు అతికిస్తున్నాను. సరైన పనే.

నాన్న చెట్టు గురించి ఎవరూ అడగలేదు. అడిగేదాకా ఆగాలనిపించలేదు. డిసెంబరు ముప్పైన చెట్టు మొదట్లో ఉప్పు చల్లి, సారా పోసి, దణ్ణం పెట్టుకున్నాం. మీ బావకి చేతులు రాలేదు. రంపం నేనే పట్టాను. సగం కోసేసరికి మంచులో ఎవరో వస్తున్నారు, చూస్తే సెత్సు. వచ్చి రంపం రెండో కొస పట్టుకుంది. ఇద్దరం లాగాం. చెట్టు పడినా చప్పుడు కాలేదు, మంచు అంత లోతుగా ఉంది. "ఒక్కరే కోస్తే నడుం పట్టేస్తుంది" అని వెళ్ళిపోయింది. ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు.

ఇప్పుడు కిటికీలోంచి చూస్తే ఆ చోటంతా తెల్లగా, సాపుగా ఉంది. అక్కడ చెట్టు ఉండేదని కలగన్నానేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

బాధపడకు. రంపం లాగుతున్నంతసేపూ ఒకటే అనుకున్నాను, చెల్లి తిన్నది కదా, చాలు. ఆ పదమూడు కాయలూ దాని ఒంటికి పట్టాయి. ఆ మాట మీదే నిలబడ్డాను.

పొట్టులో దాచిన పదీ పొయ్యిలో వేసేశాను.

అక్క


తైనాన్
ఫిబ్రవరి 21

అక్కయ్యా,

ఓడ వచ్చింది. రేవులో మీ జిల్లా పెట్టెలు వరసగా దించి, ఏరి ఏరి విప్పారు. మీ మరిదితోపాటు ఆమా కూడా వెళ్ళింది. ముసలావిడకి ఇక్కడేం పని అని రేవు వాళ్ళు అడిగితే, "మా కోడలి ఊరి కాయలు, నేను చూడకూడదా?" అందట. సాయంత్రం దాకా ముక్కాలిపీట మీద కూర్చుని ప్రతి కాయా కోయడం చూసి, ఇంటికొచ్చి నాతో ఒకే మాట అంది. "ఒక్క పురుగూ లేదు, మీ అక్క నిజాయితీగా నిలబడింది."

కొత్త సంవత్సరానికి కొట్టులో ఒక్క కాయ మిగల్లేదు. టీచరమ్మ ఈసారి రెండు కొంది, ఒకటి మా వీధి గుడికట. ఆమా తమ్ముడు కొండ మీద నుంచి బేరి పళ్ళ బుట్ట తెచ్చి మన సెత్సు వాళ్ళ ఫ్యుజీల పక్కనే పెట్టి, రెంటినీ చేతుల్లోకి తీసుకుని బరువు చూశాడు. తర్వాత ఒక ఫ్యుజీ కొనుక్కుని వెళ్ళాడు. డబ్బు వద్దంటే కోప్పడ్డాడు.

బిడ్డ కదులుతోంది. నడికట్టు మీద చెయ్యి పెడితే తెలుస్తోంది. మధ్యాహ్నాలు ఇంకా నిద్ర పడుతోంది, కానీ కల మారింది. మన తోట నిండా మంచు, నువ్వు ఎక్కడో నడుస్తుంటావు, అడుగులు వినపడవు.

నీ జనవరి ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. రాయలేకపోయాను. నెల రోజులకి పైగా దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. చివర్లో "చెల్లి తిన్నది కదా, చాలు" అని నువ్వు రాసింది చదివినప్పుడల్లా లేచి కూర్చుంటున్నాను. ఇక దాచను.

నేను ఆ కాయలు తినలేదక్కా. ఒక్కటి కూడా. మొదటి కాయలో పురుగు కనబడగానే ఆమా పద్నాలుగింటినీ పెద్ద కుండలో వేసి, మూత పెట్టి, పొయ్యి మీద పెట్టింది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. తొడిమ దాకా తిన్నానని రాసింది కలలో తిన్నది. తినలేదని చెబితే ఇంకో పెట్టె పంపుతావని భయపడ్డాను, తర్వాత నువ్వు చెట్టు నరికాక చెప్పడానికి నోరు రాలేదు. నువ్వు పట్టుకుని నిలబడ్డ మాట అబద్ధం. నన్ను తిట్టు, సెత్సు నిన్ను తిట్టినదానికన్నా ఎక్కువ తిట్టు.

కానీ ఇది మాత్రం నిజం. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. కుండ ఉడుకుతున్నకొద్దీ పులుపు వాసన ఇల్లంతా నిండింది. గోడలకి పట్టింది, దోమతెరకి పట్టింది, నా జుట్టుకి పట్టింది. నేను గడప మీద కూర్చుని పీలుస్తూ ఉన్నాను. చాలాసేపయ్యాక, ఆమా వెనక్కి తిరిగి చూసేసరికి, చద్దన్నం గిన్నె నా ఒళ్ళో ఉంది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆకలితో తింటున్నాను. గిన్నె ఖాళీ చేసి ఇంకా కావాలని అడిగాను. అది కడుపులోనే ఉంది, బయటికి రాలేదు. ఆ రోజు నుంచి ఒక్క పూట కూడా రాలేదు.

మిసావో